కుడి భుజం సెలవులో ఉంది

అప్పటికి కుసుమ దండెం మీద నాలుగు బట్టలు ఆరేసింది. అయిదోది వాళ్ళమ్మ నేత చీర. ఎంత పిండినా ఇంకా బరువుగానే ఉంది. రెండు చేతులూ పైకెత్తి దాన్ని దండెం మీదికి విసిరి, అంచు సర్దుతోంది. ఏడు నెలల కిందట ఆ కుడి చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. ఇప్పుడు దండెం దాటి పోతోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు గాని, ఈ మధ్య ఇంట్లో బట్టలన్నీ తనే ఆరేస్తోంది. ఉతికినవి అయిపోతే ఆరినవి తీసి మళ్ళీ ఒకసారి ఆరేస్తోంది.

సరిగ్గా చెయ్యి చీర అంచు మీద ఉన్నప్పుడు వాకిలి బయట ఒక ఎర్ర జెండా లేచింది.

జెండా కింద ఒక పెద్దమనిషి ఉన్నాడు. యాభై దాటిన వయసు, జేబులో మూడు పెన్నులు, చంకలో లావుపాటి రిజిస్టరు. నడిమివలసలో పుట్టినవాళ్ళకు ఏ వస్తువు కనిపించినా ముందు దాని బరువు కనిపిస్తుంది. రిజిస్టరు నాలుగు కిలోలు ఉంటుందని కుసుమ అనుకుంది. ఆయన జెండా దించి, రిజిస్టరు తెరిచి, ఆమె పేరూ తండ్రి పేరూ అడక్కుండా చీర బరువు అడిగాడు.

"తడి బరువా, పొడి బరువా అన్నది పైవారు తేల్చేదాకా తడి బరువుగానే నమోదు చేస్తున్నాను" అన్నాడు.

ఆ తర్వాత తానెవరో చెప్పాడు. క్రీడాకారుల అవయవ పరిరక్షణ మండలి, భుజ విభాగం, జిల్లా పర్యవేక్షణాధికారి తారకేశ్వరరావు.

నడిమివలస బరువులెత్తే ఊరు. మూడు వందల గడప ఉంటే ఇంటికొకరు ఎత్తుతారు. ఊరి చివర రేకుల షెడ్డులో సత్తిబాబు మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా ఆడపిల్లలకూ మగపిల్లలకూ రాడ్డు పట్టుకోవడం నేర్పుతున్నాడు. ఆ ఊళ్ళో పలకరింపు కూడా తిన్నావా అని కాదు, ఎంతెత్తినావు అని. కుసుమ అక్కడే పదకొండో ఏట మొదలుపెట్టి, ఇరవయ్యో ఏటికి అరవై ఎనిమిది కిలోలు ఒక్క ఊపున నేల మీంచి నెత్తి మీదికి లేపేది. కిందటి వానాకాలం ఆ అరవై ఎనిమిది నెత్తి మీద ఉండగానే కుడి భుజం గూడు జారింది. టౌన్లో ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఏడు నెలలు ఓపిగ్గా చూసి, ఇక మెల్లమెల్లగా బరువు పెంచుకోవచ్చని ఒక కాగితం రాసిచ్చింది. మొదటి వారం నీళ్ళ సీసా, తర్వాత చెంబు, బిందె, తర్వాత ఖాళీ రాడ్డు, ఆపైన ప్లేట్లు. కుసుమ ఆ కాగితాన్ని దేవుడి పటం పక్కన అంటించి, గీత దాటకుండా నడిచి, ముందు రోజు సాయంత్రానికి నలభై కిలోలకు వచ్చింది. రెండు నెలల్లో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు. అరవై ఎత్తితే జట్టులో చోటు. జూనియర్లలో ఆమెకు ఇదే ఆఖరు ఏడాది.

మండలి సంగతి వేరు. దాని అధ్యక్షులవారు కిందటేడు ఒక పోటీలో గెలిచినవాళ్ళకు కప్పు అందిస్తుండగా ఆయన భుజం కలుక్కుమంది. మూడు రోజులు మంచం మీద ఉన్నారు. ఆ మూడు రోజుల్లో ఆయనకు భుజం అంటే ఏమిటో తెలిసింది. లేచి కూర్చోగానే భుజం జాతి సంపద అని ప్రకటించి, దాని రక్షణకు మండలి పెట్టి, ఇరవై మూడు క్లాజులతో నిబంధనావళి అచ్చు వేయించారు.

తారకేశ్వరరావు దాన్ని వసారాలో నిలబడి చదివి వినిపించాడు. గాయపడ్డ భుజం ఇరవై ఒక్క రోజులు వరసగా శూన్య భారంలో ఉండాలి. ఏ వస్తువు ఎత్తినా పర్యవేక్షణాధికారి ఎర్ర జెండా ఎత్తును. అంతటితో లెక్క మళ్ళీ ఒకటో రోజుకు వచ్చును. బరువుల పోటీలో న్యాయనిర్ణేత నోరు విప్పడు, దీపం వెలిగించి చెబుతాడు గనుక, అధికారి కూడా నోటితో అభ్యంతరం చెప్పరాదు, చెప్పినా చెల్లదు. జెండా లేవనియెడల అభ్యంతరం లేనట్టే. జెండా లేవని ఇరవై ఒక్క రోజుల రిజిస్టరే భుజ యోగ్యతా పత్రం. అది లేనిదే ఎంపిక పోటీల గేటు లోపలికి రానివ్వరు.

ఏడు నెలలు విశ్రాంతి తీసుకున్నాను కదా అని కుసుమ మెల్లగా అడిగింది.

"నిబంధన రాకముందు తీసుకున్నది విశ్రాంతి కాదమ్మా, ఖాళీగా ఉండటం" అన్నాడాయన.

కుసుమ తల్లి అప్పలనర్సమ్మ అప్పుడే పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. సంగతి సగమే అర్థమైంది. "సీర ఆరేసుకుంటే తప్పేటి బాబూ? ఆరీకపోతే రేపు నాను ఏటి కట్టుకోవాల?" అంది. ఆయన ఆ ప్రశ్నను కూడా పైవారికి రాస్తానన్నాడు.

ఎండన పడి వచ్చాడు కదా అని కుసుమ టీ తెచ్చింది. కుడి చేత్తో ఇద్దామంటే జెండా ఆయన ఒళ్ళోనే ఉంది. అందుకని ఎడమ చేత్తో అందించింది. ఆయన మొహం మాడిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో తనకు ఎవరూ ఎడమ చేత్తో మంచినీళ్ళయినా ఇవ్వలేదన్నాడు. చివరికి టీ అప్పలనర్సమ్మ ఇచ్చింది గాని, ఆయన ఆ సాయంత్రమే మండలికి రాసి, మూడో రోజుకల్లా ఒక సర్క్యులర్ తెప్పించాడు. పద్నాలుగో నంబరు. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మండలి పరిధిలో ఎడమ చేత్తో చేసిన ఏ పనీ మర్యాద కాదు, చెల్లదు. దాన్ని ఆయన స్వయంగా పిండి రాసి గోడకు అంటించాడు. డాక్టరమ్మ కాగితం సగం దాని కిందికి పోయింది.

అక్కడి నుంచి లెక్క మొదలైంది. ఆయన బడి గదిలో దిగి, తెల్లవారకముందే వచ్చి కుర్చీ వేసుకునేవాడు. కుసుమ చాప మీద నడుం వాల్చాక గాని లేచేవాడు కాదు. చెడ్డవాడు కాదు. పువ్వు కిందపడితే తనే వంగి తీసిచ్చేవాడు. కానీ జెండా మాత్రం ఒళ్ళో నుంచి దించేవాడు కాదు. కుసుమ నిబంధనావళి అడిగి తీసుకుని మూడుసార్లు చదివింది. అందులో కాళ్ళ ప్రస్తావన లేదని గమనించి, మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం గుంజీలు తీయడం మొదలుపెట్టింది. ఆయన ఇరవై మూడు క్లాజులూ తిరగేసి, కాళ్ళు వేరే విభాగమని ఊరుకున్నాడు.

ఆరో రోజు పొద్దున జడ వేసుకుంటూ మరిచిపోయి కుడి చేత్తో దువ్వెన అందుకుంది. జెండా లేచింది. దువ్వెన, పద్దెనిమిది గ్రాములు. మళ్ళీ ఒకటో రోజు.

ఈసారి జుట్టు తల్లి చేత దువ్వించుకుంది, అన్నం తల్లి చేత తినిపించుకుంది, దోమ కుడితే కుట్టనిచ్చింది. పద్నాలుగు రోజులు గడిచాయి. పద్నాలుగో రోజు సాయంత్రం తారకేశ్వరరావు చాలా సంతోషంగా రిజిస్టరు ముందుకు జరిపి, పద్నాలుగు రోజులుగా నేను ఏ బరువూ ఎత్తలేదు అని రాసిన చోట సంతకం పెట్టమన్నాడు. ఎడమ చేతి సంతకం చెల్లదు. కుసుమ కుడి చేత్తో పెన్ను అందుకుని సంతకం పెట్టింది. ఆయన సంతకం మీద అద్దుడు కాగితం అద్ది, ఎర్ర జెండా ఎత్తాడు.

పెన్ను, ఎనిమిది గ్రాములు.

ఆ రోజు ఆయన టీ కూడా తాగలేదు. బాధగానే ఉందన్నాడు. చూసినది చూడనట్టు రాయడం తన చేతకాదన్నాడు. పెన్ను బరువు కిందికి వస్తుందా రాదా అని పైవారికి రాస్తానన్నాడు. కుసుమ గోడకేసి తిరిగి కూర్చుంది. పోటీలకు నలభై రోజులుంది. సత్తిబాబు మాస్టారు వచ్చి అరుగు మీద కూలబడి, ఆమె భుజం వైపు చూడకుండా, "వొచ్చే ఏడు సీనియర్లలో సూద్దాం తల్లీ" అన్నాడు. అది జరిగే పని కాదని ఆయనకూ తెలుసు. సీనియర్లలో అరవైకి ఎవరూ పేరైనా రాసుకోరు.

అయిదు రోజులకు జవాబు వచ్చింది. మండలి సాంకేతిక సంఘం రెండు పూటలు కూర్చుని ఆలోచించింది. పెన్ను బరువే. అయితే పెన్ను గురించి ఆలోచిస్తుండగా సంఘానికి ఒక ముఖ్యమైన విషయం తట్టింది. చెయ్యి కూడా బరువే. భుజానికి వేలాడుతూ పుట్టిన నాటి నుంచి అది భుజం మీద భారం వేస్తూనే ఉంది. కావున సదరు క్రీడాకారిణి ఇంతవరకు ఒక్క క్షణమైనా శూన్య భారంలో లేదు. ముందు చెయ్యి తూచి నివేదిక పంపవలెను.

చెయ్యి తూచడానికి కోమటి సాంబయ్య కొట్టుకు వెళ్ళారు. వెనక సగం ఊరు నడిచింది. బెల్లం తూచే కాటా మీద కుసుమ తన కుడి చేతిని పెట్టింది. మూడు కిలోల నూట యాభై గ్రాములు. గాజులు తీస్తే మూడూ నూట ఇరవై. గాజులు తనిఖీ పరిధిలోకి వస్తాయా అని తారకేశ్వరరావు ఆలోచిస్తుంటే, "తూసినారు గదా, కాగితంలో పొట్లం కట్టీమంటారేటి" అని సాంబయ్య అడిగాడు.

మర్నాడే మండలి ఒక మనిషిని పంపింది. భుజ భార సహాయకుడు, దాలినాయుడు. నలభై అయిదేళ్ళ అటెండరు, పక్క ఊరివాడే. అతని పని, పొద్దుటి నుంచి రాత్రి దాకా కుసుమ కుడి చేతిని తన రెండు అరచేతుల్లో ఉంచుకుని మోయడం. కుసుమ నడిస్తే పక్కనే నడవాలి. కూర్చుంటే కూర్చోవాలి. ఆమె గుంజీలు తీస్తే, నిబంధనల ప్రకారం, అతను కూడా తీయాలి. తారకేశ్వరరావు మళ్ళీ ఒకటో రోజు వేశాడు.

దాలినాయుడు మొదటి రోజు నవ్వుకుంటూ చేశాడు. ఇరవై ఏళ్ళు ఫైళ్ళు మోసినాను, ఆడకూతురి చెయ్యి మొయ్యలేనా అన్నాడు. రెండో రోజు అతని తొడలు పట్టేశాయి. మూడో రోజు చెయ్యి మార్చుకుంటే ఆ మధ్యలో ఒక రెప్పపాటు భారం పడుతుందని తారకేశ్వరరావు అభ్యంతరం చెప్పాడు, జెండాతో. నాలుగో రోజు మధ్యాహ్నం, కుసుమ ఎనభయ్యో గుంజీలో ఉండగా, దాలినాయుడి కుడి భుజం కలుక్కుమంది.

అతను ఊరికే మూలిగి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ అతను విధి నిర్వహణలో మూలిగాడు. మండలి ఉద్యోగులకు కూడా నిబంధనావళి వర్తించునని పద్దెనిమిదో క్లాజు. గాయపడ్డ స్థలంలోనే విశ్రాంతి తీసుకోవలెనని పందొమ్మిదో క్లాజు. దాలినాయుడిని కుసుమ వాళ్ళ వాకిట్లో బల్ల మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు కుసుమ చేతిని మోయడానికి ఒకరు, దాలినాయుడి చేతిని మోయడానికి ఒకరు, మొత్తం ఇద్దరు కావాల్సి వచ్చారు. జిల్లా ఆఫీసు పంపింది. దాలినాయుడి చెయ్యి ఆరు కిలోలు. దాన్ని మోసినవాడు రెండో రోజే కూర్చున్నాడు, కుసుమ చెయ్యి మోసినవాడు మూడో రోజు. వాళ్ళ చేతులకు ఇంకొందరు వచ్చారు. టైపిస్టు వచ్చాడు, గుమస్తా వచ్చాడు, జీపు డ్రైవరు వచ్చి జీపుతో సహా ఆగిపోయాడు. వారం తిరిగేసరికి భుజ విభాగం జిల్లా ఆఫీసు మొత్తం కుసుమ వాళ్ళ వాకిట్లో వరసగా బల్ల మీద ఉంది. ఆఫీసు తలుపు తాళం ఎవరు వేశారో ఎవరికీ గుర్తు లేదు.

ఆఖరి మనిషి గుమస్తా. అతని చెయ్యి మోయడానికి ఇక ఎవరూ మిగల్లేదు. తారకేశ్వరరావు లేచి, కళ్ళజోడు సర్దుకుని, తనే మోశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రిజిస్టరు, ఈ ఏడాది జెండా, ఇవి తప్ప మరొకటి ఎత్తని భుజం అది. మధ్యాహ్నం దాకా నిలబడింది.

ఆయన మూలగలేదు. మూలిగితే విధి నిర్వహణ అవుతుందని తెలుసు. కానీ చుక్కలు కనిపించిన మొహం దాచడం ఎవరివల్లా కాదు. దాలినాయుడు చూసి, "సారూ, మీకు కూడా అయిపోనాది" అన్నాడు. తారకేశ్వరరావు మెల్లగా వెళ్ళి వరస చివర కూర్చున్నాడు. కుర్చీ దగ్గర ఎర్ర జెండా నేల మీద ఉండిపోయింది.

పోటీలకు ఇరవై రెండు రోజులుంది.

భోజనాల వేళ అసలు చిక్కు బయటపడింది. తొమ్మిది మంది, తొమ్మిది విస్తళ్ళు, అన్నం మీద పప్పు పొగలు కక్కుతోంది. కుడి చెయ్యి ఎత్తకూడదు. ఎడమ చేత్తో తినకూడదు, పద్నాలుగో సర్క్యులర్ అడ్డం. అందరూ విస్తట్లోకి చూస్తూ కూర్చున్నారు. అప్పలనర్సమ్మ కాసేపు చూసి, కొంగు నడుముకు దోపి, అన్నం కలిపి ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. ప్రభుత్వం వారిని ఒక్కొక్కరినే నోరు తెరవమంది. "తెరువు బాబూ, ఇంకొంచెం. మా గుంట కూడా సిన్నప్పుడు ఇలగే ఏడిపించీది" అంది డ్రైవరుతో.

తొమ్మిది మందికి ఒక మనిషి చాల్లేదు. చివర ఉన్న తారకేశ్వరరావు దాకా వచ్చేసరికి అన్నం చల్లారిపోతోంది. కుసుమ చేయి కడుక్కుని వెళ్ళి ఆయన విస్తరి ముందు కూర్చుంది. పప్పన్నం కలిపి, ముద్ద చేసి, కుడి చేత్తో ఆయన నోటి దాకా ఎత్తింది.

ఆయన ముద్దకేసి చూశాడు. వాకిట్లో పడి ఉన్న జెండాకేసి చూశాడు. మళ్ళీ ముద్దకేసి చూశాడు. నలభై గ్రాములు ఉంటుంది. జెండా ఎత్తాలంటే కుడి చెయ్యి ఎత్తాలి, ఆ చెయ్యి విశ్రాంతిలో ఉంది. ఎడమ చేత్తో ఎత్తితే చెల్లదు. నోటితో చెబితే చెల్లదు, పైగా నోరు ఆ క్షణాన ఆకలితో తెరిచి ఉంది. ఆయన ముద్ద తిన్నాడు.

కుసుమ ఇంకో ముద్ద ఎత్తింది. దాన్ని కొంచెం ఎక్కువసేపు పైన ఉంచింది. జెండా లేవలేదు.

ఆ సాయంత్రం రిజిస్టరు రాయాల్సి వచ్చింది. రాసే చెయ్యి ఎవరికీ లేదు. ఊరి బడిలో ఎప్పుడూ అక్షరాలు గుండ్రంగా రాస్తుందని మెప్పు పొందిన కుసుమ రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. తారకేశ్వరరావు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు.

"రాయమ్మా. ఒకటో రోజు. ఎర్ర జెండా లేవలేదు."

రెండో రోజు కుసుమ చెంబుతో నీళ్ళు మోసింది. మూడో రోజు బిందెతో. నాలుగో రోజు గోడ మీద పద్నాలుగో సర్క్యులర్‌ను పక్కకు జరిపి డాక్టరమ్మ కాగితం చూసుకుంది. ఎక్కడ ఆగిందో అక్కడికి తొందరపడకుండా నడిచింది. అయిదో రోజు పొద్దున సత్తిబాబు మాస్టారు ఆటోలో రాడ్డూ ప్లేట్లూ వేయించుకుని దిగాడు. వాకిట్లో వరసగా కూర్చున్న తొమ్మిది మంది అధికారులను చూసి, చెప్పులు విప్పి, దండం పెట్టాడు. ప్రతిదండం పెట్టడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. ఆయన నొచ్చుకోబోయి, సంగతి గుర్తొచ్చి, వెనక్కి తిరిగి నవ్వుకున్నాడు.

వాళ్ళ విశ్రాంతి పూర్తి కావడానికీ దారి లేదు. ఉద్యోగి విశ్రాంతికి అతని చెయ్యి మోసేవాడు సాక్షి సంతకం పెట్టాలి. మోసేవాడు లేడు గనుక ఎవరికీ ఒకటో రోజు కూడా మొదలు కాలేదు.

ఈ వార్త రాజధానికి చేరి, పదో రోజున అధ్యక్షులవారే దిగారు. భుజాన్ని పట్టుగుడ్డ జోలెలో పెట్టుకుని, కారులోంచి ఇద్దరు దింపితే దిగారు. వరసను చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. రాష్ట్రం మొత్తంలో ఒక జిల్లా ఆఫీసు నూటికి నూరుపాళ్ళు విశ్రాంతి సాధించడం ఇదే మొదటిసారి అన్నారు. ఆయన మాట్లాడుతుండగా వెనక కుసుమ యాభై కిలోలు నెత్తి మీదికి లేపి, నిలిపి, దింపింది. ప్లేట్లు నేలను తాకిన చప్పుడుకు ఆయన వెనక్కి తిరిగి, జెండా ఎందుకు లేవలేదని అడిగారు. తారకేశ్వరరావు కారణం క్లాజుల వారీగా విన్నవించాడు. అధ్యక్షులవారు ఆసాంతం విని, నిబంధనావళి ఇంత చక్కగా అమలు కావడం తానెక్కడా చూడలేదని మెచ్చుకున్నారు.

శాలువా తెచ్చారు గాని కప్పేవాళ్ళు లేరు, వెంట వచ్చిన ఇద్దరి చేతులూ అధ్యక్షులవారి జోలె కిందే ఉన్నాయి. కప్పాలంటే రెండు చేతులూ పైకి లేవాలి. చివరికి కుసుమే శాలువా తీసుకుని తారకేశ్వరరావుకు కప్పింది. అందరూ చప్పట్లు కొట్టాలనుకున్నారు. వాకిలి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది.

తారకేశ్వరరావు స్థానంలో జెండా ఎత్తే మనిషిని పంపుతామని చెప్పి అధ్యక్షులవారు వెళ్ళారు. పంపేవారే. కానీ వెళ్ళే దారిలో ఆయనకు ఇంకొకటి తట్టింది. ఫైలు కూడా బరువే కదా. ఆ మధ్యాహ్నమే ఆ మేరకు ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు తర్వాత మండలి నుంచి మరో ఉత్తర్వు రాలేదు.

ఆ తర్వాతి రోజుల్లో నడిమివలస జనం పనులు చూసుకుని ఆ వాకిట్లోనే చేరేవారు. కుసుమ రాడ్డు ముందు నిలబడగానే మాటలు ఆగిపోయేవి. బల్ల మీదివాళ్ళు మొదట మొహాలు తిప్పుకునేవారు. చూస్తే నమోదు చేయాలి కదా అని. కానీ రోజుకు ముప్ఫై నలభై సార్లు కళ్ళ ముందు బరువు లేస్తుంటే ఎంతసేపని తిప్పుకుంటారు. ముందు దాలినాయుడు లొంగిపోయాడు. యాభై రెండు దగ్గర కుసుమ ఒకసారి తడబడితే, "నేదు తల్లీ, నువ్వు ఎత్తగలవు, ఎత్తీ" అన్నాడు. డ్రైవరు పందెం కాశాడు, రేపటి యాభై అయిదు మీద, తన వంతు అప్పడం. అప్పలనర్సమ్మ ముద్దలు పెడుతూ ఓడినవాళ్ళ అప్పడాలు గెలిచినవాళ్ళ నోట్లో పెట్టేది.

తారకేశ్వరరావు మాత్రం ఏమీ అనేవాడు కాదు. బరువు ఎత్తుతున్నప్పుడు క్రీడాకారిణితో మాట్లాడరాదు. కానీ నిఘా పెట్టడం ఆయన స్వభావం. కదలికల్లో తేడా పట్టడం ఆయన ఉద్యోగం. ఒకరోజు ఆమె బరువు నెత్తి మీద నిలిపినప్పుడు, ఆకాశంలోకి చూస్తూ, ఎవరితోనూ కాకుండా, "మోచెయ్యి రవంత వంగుతోంది" అన్నాడు. సత్తిబాబు మాస్టారు వెనక్కి తిరిగి ఆయనను ఎగాదిగా చూశాడు. కుసుమ మళ్ళీ ఎత్తింది. ఈసారి మోచెయ్యి వంగలేదు. గూడు జారిన నాటి నుంచీ ఆమె భుజంలో మూలన ఉండిపోయిన భయం ఎటు పోయిందో ఆమెకు తెలియలేదు.

ప్రతి సాయంత్రం ఆయన చెప్పేవాడు, ఆమె రాసేది. పన్నెండో రోజు, ఎర్ర జెండా లేవలేదు. పదిహేడో రోజు, ఎర్ర జెండా లేవలేదు. పందొమ్మిదో రోజున ఆమె యాభై ఎనిమిది ఎత్తింది. ఆ రోజు ఆయన చదువుకున్న మనిషి తప్పు చేస్తున్నట్టు గొంతు తగ్గించి, "జెండా అసలు కదలనే లేదు అని రాయమ్మా" అన్నాడు.

పోటీల రోజు పొద్దున కుసుమ తలస్నానం చేసి, జడ తనే వేసుకుంది. సంచీలో బెల్టూ బూట్లూ పెట్టుకుంది. సత్తిబాబు మాస్టారు బయట ఆటోలో కూర్చుని హారన్ కొట్టడానికి మొహమాటపడుతున్నాడు. అప్పలనర్సమ్మ డ్రైవరుకు ఉప్మా పెడుతూ, గరిటె గాలిలో ఉండగానే ఆగిపోయింది.

రిజిస్టరు అరుగు మీద ఉంది. ఇరవై ఒక్క పేజీలు, ఇరవై ఒక్క వాక్యాలు, అన్నీ ఆమె గుండ్రటి రాతలోనే. దాని పక్కన, నేల మీద, ఎర్ర జెండా ఉంది. దుమ్ము పట్టి రంగు వెలిసింది. బల్ల చివర తారకేశ్వరరావు జెండాకేసి చూశాడు. ఆయన కుడి చేతి వేళ్ళు మోకాలి మీద ఒకసారి కదిలాయి. వరస మొత్తం ఆ వేళ్ళనే చూసింది. తర్వాత ఆయన శాలువాను గడ్డంతో పైకి లాక్కుని, చేతిని దాని కిందికి జరుపుకున్నాడు.

కుసుమ రిజిస్టరు తీసుకుంది. వాకిట్లో దారి ఇరుకు. బల్లకూ గోడకూ మధ్య మనిషి పట్టేంతే ఉంది. రిజిస్టరు లావు, తొమ్మిది మంది కుడి భుజాలూ ఆ దారి వైపే ఉన్నాయి. దేనికి తగిలినా నొప్పే. ఆమె ఒక్క క్షణం ఆగి, ఆ నాలుగు కిలోలనూ కుడి చేత్తో నిటారుగా నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంది. మోచెయ్యి వంగలేదు. అలాగే ఒక్కొక్క భుజాన్నీ దాటుకుంటూ, ఎవరినీ తాకకుండా, వరస చివరిదాకా నడిచింది.

గడప దాటి వెళ్ళిపోయింది. వీడ్కోలు చెప్పడానికి ఆ వాకిట్లో ఒక్క చెయ్యీ లేవలేదు.